తోడుపట్టీ మర్యాద

2068లో విశాఖపట్నంలో కీమో చేయించుకునేవాళ్ళని ముఖం చూసి పోల్చుకోవడం కుదరదు. జుట్టు రాలదు, వాంతులు అరుదు. ఎడమ మణికట్టు చూడాలి. అక్కడ గాజుల మధ్య బూడిదరంగు తోడుపట్టీ ఉంటుంది. అందులో 'చెమటచదువరి' అనే సెన్సర్ ఒంట్లో ఏ పదార్థం ఎంత తిరుగుతోందో చెమటలోనే పట్టేస్తుంది. దాన్నిబట్టి ఆ రోజు ఎన్ని అడుగులు నడవాలో, ఎన్ని శొంఠి బిళ్ళలు చప్పరించాలో పట్టీ చెబుతుంది. అది చెప్పింది తప్ప మరో వేరూ ఆకూ నోట్లో పెట్టకూడదు.

ఉత్పల మొదటి వారమే పట్టీకి అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టింది.

"నడిచారా ఉత్పలగారూ?"

"నడిచాను," అనేది, ఉయ్యాల బల్ల మీద కూర్చుని చేయి ఊపుతూ.

"చాలా సంతోషమండీ."

అసలు అబద్ధం అది కాదు. ఆవిడ ఆడపడుచు సుభద్ర ప్రతి ఆదివారం పదహారు మూలికలు దంచి, జల్లించి, వారానికి సరిపడా చూర్ణం తెచ్చేది. మొదటి చెంచా తన ఎదురుగా తేనెలో నాకిస్తే గానీ చెప్పులు తొడుక్కునేది కాదు. ఆ వయసులో వదినగారు చేతులు బొబ్బలెక్కేలా దంచినది పారబోయడానికి ఉత్పలకి మనసొప్పేది కాదు. కాన్సరైతే వచ్చింది గానీ మొహమాటం పోలేదు.

"బయటి మూలికలేమైనా తీసుకున్నారా అండీ?" అనడిగేది పట్టీ.

"అబ్బే, లేదు. బాగానే ఉన్నాను."

"సరేనండీ."

నాలుగో విడతకి ముందు డాక్టర్ నస్రీన్ రిపోర్టు పక్కన పెట్టింది. ఉత్పల పక్కనే సుభద్ర, ఒళ్ళో కొత్త సీసాతో.

"గడ్డ సగం కరిగింది. కానీ లివర్ ఎంజైములు ప్రతిసారీ పెరుగుతున్నాయి. ఈ మందు మీకు పడటం లేదు, ఆపేస్తున్నాను. ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు."

ఉత్పల సీసా వంక చూసింది. మూత మీద వదినగారి గుండ్రటి చేతిరాతలో తన పేరు. ప్రాణం మీదికి వచ్చినా నోరు పెగలకపోవడం చూసి ఆవిడకే సిగ్గేసింది.

"మందు తప్పు కాదు డాక్టరుగారూ," అంది తలెత్తకుండా. "రోజూ చూర్ణం తింటున్నాను. నడవడం కూడా లేదు."

సుభద్ర సీసాని కొంగు కింద దాచుకుంది. "నాకో మాట చెప్పకూడదటే? బాగా పనిచేస్తోందన్నావని ఈసారి రెండింతలు దంచాను."

"మీరు బాధపడతారని, వదినా."

"చూర్ణం మానేస్తే మందు ఆపక్కర్లేదేమో. మూడు వారాలు చూద్దాం," అని నస్రీన్ పట్టీవైపు తిరిగింది. "నీకు తెలియలేదా?"

"రెండో ఆదివారమే తెలిసిందండీ," అంది పట్టీ మెల్లగా. "వదినామరదళ్ళ మధ్య నేను దూరితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఉయ్యాల సంగతీ అంతే."

నస్రీన్ తల దించుకుంది. పట్టీకి మాటతీరు నేర్పింది తనే. మొదటి మోడల్ ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పేది. జనం దాన్ని తీసి బియ్యం డబ్బాలో పడేశారు. అందుకని రెండో మోడల్‌కి పదివేల ఇళ్ళ మాటలు వినిపించి మర్యాద నేర్పింది.

"ఇంకా నలభై వేలమంది కట్టుకున్నారు నిన్ను," అంది గొంతు తగ్గించి. "వాళ్ళెలా ఉన్నారు?"

పట్టీ ఎప్పటి మర్యాదతోనే జవాబిచ్చింది.

"అందరూ బాగానే ఉన్నారండీ."