మడత లేని పావడ

ఆడపిల్లకు పావడ కుట్టేటప్పుడు అంచుకు కాస్త పైన ఒక మడత వేసి కుట్టాలి. పిల్ల ఎదిగి పావడ చీలమండ పైకి ఎక్కినప్పుడు, ఆ మడత విప్పితే మళ్ళీ పాదం దాకా దిగుతుంది. అరవనాట అన్నూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో, మన తెలుగువాళ్ళ ఇళ్ళలో, ఏ తల్లీ మడత లేని పావడ కుట్టదు. పిల్ల ఎదగాలి కదా.

ఒక్క పావడకు మాత్రం ఆ మడత ఉండకూడదు. అది కన్నెగా పోయిన పిల్ల పావడ.

జానకమ్మాళ్ ఇంట్లో అలాంటి పిల్ల ఉంది. కూతురే. పేరు పాంచాలి. కుంపిణీ దొరల కాలంలో, వాంతిభేది ఊరిని ఊడ్చుకుపోయిన ఏడు, పావడ అంచు తొక్కుకుంటూ పరుగెత్తే వయసులో పోయింది. ఇప్పుడు కుంపిణీ పోయి రాణి వచ్చిందంటున్నారు. జానకమ్మాళ్‌కు తల నెరిసింది. కోడలు సౌందరం వచ్చింది. మనవరాలు రుక్మణి పుట్టి, పాంచాలి పోయినప్పటి ఈడుకు వచ్చింది. పాంచాలి మాత్రం వంటింటి పక్క చీకటి గదిలో, దూలానికి వేలాడే తాటాకు పెట్టెలో ఉండిపోయింది. ఏటా అరవల ఆషాఢమైన ఆడి నెలలో ఒక శుక్రవారం, దీపాలవేళకు ఆ పెట్టె దించుతారు. పాత పావడ తీసి నీళ్ళలో వదిలి, కొత్తది పెట్టి, పసుపూ పూలూ వేసి మళ్ళీ కట్టేస్తారు. కొలత ఎప్పుడూ ఒకటే. పిల్ల బతికుండగా నడుముకొక ముడి, పాదానికొక ముడి వేసి తీసిన దారం అందులోనే ఉంటుంది.

ఈమధ్య జానకమ్మాళ్‌కు మరపు వచ్చింది. పులుసులో ఉప్పు వేసి, మళ్ళీ వేస్తుంది. అది పోనీ. కూతురి ముఖం పోయింది. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా రుక్మణి ముఖమే వస్తుంది. మిగిలింది ఆ పిల్ల చేతులు. పాంచాలిది ఎడంచేతి వాటం. అందరి కుట్లూ ఒకవైపు వాలితే దానివి మరోవైపు వాలేవి. సూదికి ఎక్కించేముందు దారం కొస నోట్లో పెట్టుకుని చప్పరించేది. "ఎంగిలి దారంతో కుడితే బట్ట నిలవదే!" అని తల్లి వీపున ఒకటి వేసేది. ఆ దెబ్బ కూడా ఇప్పుడు ఆమెకు ప్రాణంతో సమానం.

ఆ ఏడు ఆడి గాలి ముందే లేచింది. ఈ గాలికి మసాలా నూరే అమ్మిరాయి కూడా ఎగురుతుందంటారు. మధ్యాహ్నం తిన్నె మీద కూర్చుని జానకమ్మాళ్ పెట్టెకు కొత్త పావడ కత్తిరిస్తుంటే, సౌందరం రుక్మణిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"చూడండత్తా. పోయిన ఆడికి మీరు కుట్టిన పావడే. ఇంకా పాదాల మీదే పొర్లుతా ఉండాది. మడత విప్పే పనే రాలేదు. దీనికి తిండి పెట్టడమూ ఒకటే, కాకికి పెట్టడమూ ఒకటే."

"నేను కాకినైతే నువ్వు కాకమ్మవే," అంది రుక్మణి. నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చి స్తంభానికి ఆనుకుంది.

"వైద్యుడి కషాయం పట్టించినావా?"

"కడవెడు పట్టించినాను. ఈడుపిల్లలంతా తాటిచెట్లయినారు. ఇది పోయిన ఆడిలో ఎట్లుండెనో అట్లే ఉండాది." సౌందరం గొంతు తగ్గించింది. "నాకు భయంగా ఉండాదత్తా."

పోయిన ఆడిలో... జానకమ్మాళ్ చేతిలో కత్తెర ఆగింది. పోయిన ఆడిలో రెండు పావడలూ ఒకే తానులోంచి కత్తిరించి, ఇదే తిన్నె మీద కుట్టింది. ఒకటి రుక్మణికి. ఒకటి పెట్టెకు. రెండోదానికి మడత వేయలేదు కదా? ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

శుక్రవారం వచ్చింది. పెట్టె ఇంటి పెద్దావిడే విప్పాలి, ఒంటరిగా. సౌందరం పూలు అందించి బయటికి పోయింది. జానకమ్మాళ్ తలుపు మూసి, దీపం పక్కన పెట్టి, పెట్టె దించింది. బయట గాలి తాటాకు కప్పును పీకుతోంది. గదిలో మాత్రం వత్తి కదలడం లేదు.

మూత తీసింది. ఏటా పాత పసుపు, ఎండిన వేపాకు వాసన వచ్చేది. ఇప్పుడు వేరే వాసన. ఆముదం రాసిన తల వాసన. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్ల మెడ దగ్గర ఉండే చెమట వాసన.

పావడ పైకెత్తింది. మడత ఉండేది. తనే వేసింది. చేతి అలవాటున వేసి మరిచిపోయింది. ఇప్పుడు అది విప్పేసి ఉంది. సూది పోయిన చిల్లులు వరసగా, సన్నగా కనిపిస్తున్నాయి. కిందికి దిగిన అంచుకు నల్లరేగడి మన్ను అంటి ఉంది. ఆ మన్ను ఇంకా ఆరలేదు.

జానకమ్మాళ్ భయపడాలి. కానీ ముందు కలిగింది భయం కాదు. పావడను తన నడుముకు ఆనించి చూసుకుంది. ఇంత ఎదిగిందా నా తల్లి! ఒక్క క్షణం... ఆ ఒక్క క్షణం కడుపు నిండిపోయింది.

అప్పుడు గోడ అవతల రుక్మణి దగ్గింది.

వెనక, చెవికి చాలా దగ్గరగా, ఇంకెవరో ఊపిరి పీల్చారు.

"అమ్మా... పొట్టి అయిపొయ్యింది."

జానకమ్మాళ్ తిరగలేదు. తిరిగితే ముఖం కనబడుతుంది. మరిచిపోయిన ఆ ముఖం. చూస్తే ఇక మడత లేకుండా కుట్టడం తనవల్ల కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఇంకో మడత పెట్టమ్మా..."

గోడ అవతల దగ్గు. మళ్ళీ దగ్గు.

జానకమ్మాళ్ ముడుల దారం తీసింది. కొత్త పావడను దానికి ఆనించి, పాదం ముడి దగ్గర అంచు కుట్టడం మొదలుపెట్టింది. వేలికి సూది గుచ్చుకుంది. కుట్టింది.

"నువ్వు పోయినావు కన్నా," అంది మెల్లగా.

ఆ మాట ఏనాడూ చెప్పలేదు. ఆ రోజుల్లో తనూ అదే రోగంతో చాప మీద పడి ఉంది. లేచేసరికి పిల్ల లేదు. ఎవరూ పిల్లకు చెప్పి పంపలేదు.

"పోయిన పిల్ల ఎదగకూడదు. ఆ ఎదిగేది రుక్మణిది. దాన్ని విడిచిపెట్టు తల్లీ."

మెడ మీద ఆ ఊపిరి చాలాసేపు ఉంది. తర్వాత లేదు.

పాత పావడను ఏట్లో వదిలారు. రుక్మణి మర్నాడే రాగిసంకటి రెండోసారి అడిగింది. నెల తిరిగేసరికి పావడ పాదాలు వదిలి పైకి ఎక్కింది. "కాకి కొంగయింది!" అని సౌందరం దిష్టి తీసింది. జానకమ్మాళ్ కూడా నవ్వింది. కానీ మనసు ఆగలేదు. చేతి అలవాటు మళ్ళీ మోసం చేసి ఉంటే? మడత వేయలేదని గట్టిగా చెప్పగలదా?

"ఒకసారి పెట్టె దించవే. చూస్తాను."

"మళ్ళీ ఆడి రాకుండానా?"

"మడత వెయ్యలేదనే అనుకుంటున్నాను, కానీ నా మీద నాకు నమ్మకం లేదే సౌందరం. దించు."

ఒంటరిగా విప్పే ధైర్యం లేక, ఈసారి ఇద్దరూ కలిసి గుమ్మంలో వెలుతురుకు పెట్టి మూత తీశారు. సౌందరం పావడ విదిలించింది.

"ఏమత్తా, మడత లేదంటిరే?"

మడత ఉంది.

జానకమ్మాళ్ గబగబా లాక్కుంది. నేనే వేసుంటాను, మరిచిపోయుంటాను, అనుకుంది. అలా అయితే చాలనుకుంది. అంచు కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

వంకర కుట్లు. చిన్నవీ పెద్దవీ. అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

వాకిట్లో రుక్మణి ఆట మధ్యలో ఆగి, చిన్నగా దగ్గింది.

జానకమ్మాళ్ సూది తీసుకుంది. లోకంలో కూతురి చేతిపని మిగిలింది అదొక్కటే. ఒక్కొక్క కుట్టే విప్పింది. విప్పేముందు ప్రతి కుట్టునూ వేలితో తడిమింది. సౌందరం ఏదో అడుగుతోంది. వినబడలేదు.

చివరి కుట్టు వదిలింది. దారం చేతిలోకి వచ్చింది.

దాని కొస... ఇప్పుడే ఎవరో నోట్లోంచి తీసినట్టు, ఇంకా తడిగా ఉంది.