తాళం వేసిన గుమ్మానికి బొట్టు

సాయంత్రం ఐదున్నర. డిసెంబరు మంచు అప్పుడే కాలవ మీద నుంచి లేచి వీధిలోకి వస్తోంది. ప్రసన్న అరుగు మీద కూర్చుని పెట్రోమాక్స్ లైటుకి గాలి కొడుతోంది. షామియానా కొట్టులో అద్దెకి తెచ్చిన లైటు. అంటుకోగానే బుస్సుమంది. కిరసనాయిలు వాసన ఇల్లంతా పరుచుకుంది.

ఇదంతా కూతురు ఉషశ్రీ సరదా. బీటెక్ చదువుతోంది. క్రిస్మస్ సెలవులకి ఉంగుటూరు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గోల. "పాతకాలం పార్టీ చేద్దామమ్మా. నీ చిన్నప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే!" కరెంటు లైట్లు వెయ్యకూడదు. కుర్చీలు తీసేసి కొల్లేటి తుంగచాపలు పరవాలి. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్లు, పళ్ళాల్లో జంతికలు, రవ్వలడ్లు. వచ్చేవాళ్ళు వాయిల్ చీరలు, బుట్టచేతుల జాకెట్లు వేసుకోవాలి. బాగా తయారైనవాళ్ళకి బహుమతి.

పిలుపులూ పాతపద్ధతిలోనే. పొద్దున్నే ఉష కుంకుమభరిణె పట్టుకుని వీధిలో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టింది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన స్నేహితురాళ్ళు ఫిజా, బ్లెస్సీ ఫోనులో వీడియో తీశారు.

"అందరూ వస్తామన్నారా?" ప్రసన్న అడిగింది.

"ఆఁ. చివరింట్లో మాత్రం ఎవరూ లేరమ్మా, తాళం వేసుంది. మనిషి లేకపోతే గుమ్మానికి బొట్టు పెట్టి పిలవాలని నువ్వే కదా చెప్పావు. అలాగే పిలిచేశాను."

"ఏ చివరిల్లు?"

"కాలవ గట్టున. ఆకుపచ్చ తలుపులు."

ప్రసన్న చెయ్యి పంపు మీద ఆగిపోయింది.

అది సరోజ ఇల్లు. ప్రసన్న కాపురానికి రాకముందు మాట. ఇలాంటి మంచులోనే, ఈ ఇంట్లోనే జరిగిన పేరంటానికి సరోజ చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు సాగనంపడానికి ఎవరూ లేవలేదు. తెల్లారేసరికి తల్లీబిడ్డా కాలవ లాకుల దగ్గర తేలారు. మొగుడు ఆ ఇంటికి తాళం వేసి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. వీధిలో అప్పటివాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు, ప్రసన్న అత్తగారు వెంకటనరసమ్మ తప్ప.

ఆ తర్వాత నుంచి అత్తగారు ఒక కట్టుబాటు పెట్టింది. ఈ ఇంటికి వచ్చినవాళ్ళు వాళ్ళింటికి వెళ్ళగానే "చేరామండీ" అని కేక వెయ్యాలి. ఇప్పుడైతే ఫోన్ చెయ్యాలి. అందరి మాటా వినేదాకా ఆవిడ నడుం వాల్చదు.

"మామ్మకి ఈ సంగతి చెప్పకు," అంది ప్రసన్న.

ఆరింటికి ఇల్లు నిండిపోయింది. ఎదురింటి సూర్యకాంతం గుమ్మంలోనే గిరగిరా తిరిగి చూపించింది.

"నా పురిటినాటి చీరమ్మా. చీర చుట్టూ తిరిగింది గానీ, జాకెట్టులో చెయ్యి ఒక్కటే పట్టింది!"

"మరి ఈ బుట్టచేతులో, పిన్నిగారూ?" అంది ప్రసన్న.

"మా కోడలివి. వీటిలో వారానికి సరిపడా కూరలు తెచ్చుకోవచ్చు!"

అందరూ విరగబడి నవ్వారు. ప్రసన్న కూడా నవ్వింది. నవ్వుతూనే వీధిగుమ్మం వైపు చూసింది. మంచు తప్ప ఏమీ లేదు. వంటింట్లోకి వెళ్ళి తాంబూలాలు సర్దుకుంది. కాసేపటికి మనసు కుదుటపడింది.

అప్పుడొచ్చింది వాసన. కిరసనాయిలుది కాదు. జంతికలదీ కాదు. కాలవలో గుర్రపుడెక్క కుళ్ళితే వచ్చే వాసన.

ప్రసన్న సావిట్లోకి వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"బహుమతి ఆవిడకేనమ్మా!" ఉష మూల వైపు చూపించింది.

లైటు వెలుగు సరిగ్గా ఆనని చోట, చాప మీద ఒకావిడ కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు వాయిల్ చీర. నున్నగా దువ్విన ముడి. ముడిలో చేమంతులు. తల వంచుకుని ఉంది.

"ఎవరి తాలూకోగానీ, ఎంత బాగా తయారైందో చూడు," సూర్యకాంతం ప్రసన్న చెవిలో అంది. "ఆ కట్టూ, ఆ ముడీ... మనమంతా వేషం వేసుకొచ్చాం గానీ, ఈవిడ అచ్చం అప్పటి మనిషే!"

 ప్రసన్న చుట్టూ కూర్చున్నవాళ్ళని దాటుకుని వెళ్ళబోయింది. అప్పటికే ఉష తాంబూలం పట్టుకుని ఆవిడ ముందు కూర్చుంది.

"తీసుకోండి ఆంటీ."

ఆవిడ తల ఎత్తలేదు. గొంతు మాత్రం మెత్తగా వచ్చింది.

"ఇంకోటి ఇస్తావా అమ్మా? మా పాపకి."

"పాప ఏదండీ?"

"బయట నిలబడింది. దాన్ని పిలవలేదుగా..."

"ఉషా!" ప్రసన్న కేక పాటలో కలిసిపోయింది.

"అయ్యో, మంచులో బయటేంటండీ!" ఉష వీధిగుమ్మం వైపు తిరిగింది. "పాపా! లోపలికి రామ్మా!"

టేప్‌రికార్డర్‌లో పాట సాగి సాగి ఆగిపోయింది. పెట్రోమాక్స్ కుంగి మళ్ళీ లేచింది. "క్యాసెట్ చుట్టుకుపోయిందే!" ఎవరో నవ్వారు.

గుమ్మంలో ఎవరూ రాలేదు. కానీ గడప నుంచి ఆవిడ కూర్చున్న మూల దాకా తుంగచాప మీద తడి. చిన్న చిన్న పాదాల తడి.

"ప్రసన్నా..." మధ్యగదిలోంచి అత్తగారి పిలుపు.

ప్రసన్న వెళ్ళగానే వెంకటనరసమ్మ మణికట్టు పట్టుకుంది. ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో.

"ఆ గొంతు నాకు తెలుసే."

ప్రసన్న మంచం మీదికి వంగింది.

"ఈసారి సాగనంపు. గుమ్మం దాకా దింపిరా. పిలిచింది పిల్ల కదా అని పిల్లని పంపకు. నువ్వెళ్ళు. విన్నావా? పిల్లని పంపకు..."

ఏడున్నరకి అందరూ లేచారు. చేపల చెరువుల నుంచి అప్పుడే వచ్చిన అచ్యుతరావు, భార్య మొహం చూసి ఏదో అడగబోయాడు. "ముందు ఆడపిల్లల్ని ఇళ్ళకి చేర్చండి," అంది ప్రసన్న. అతను ఫిజానీ బ్లెస్సీనీ కారెక్కించుకుని తాడేపల్లిగూడెం బయల్దేరాడు. ప్రసన్న ఇటు తిరిగేసరికి ఉష చెప్పులు వేసుకుంటోంది.

"ఆవిణ్ణి దింపొస్తానమ్మా. చివరిల్లేనట, ఊర్నుంచి వచ్చేసినట్టున్నారు."

"నేను వెళ్తాను. నువ్వు చాపలు చుట్టు."

"మంచులో నువ్వెందుకమ్మా, పది నిమి..."

"చాపలు చుట్టమన్నానా!"

ఉష బిత్తరపోయి లోపలికి వెళ్ళింది.

వీధిలో మంచు తప్ప ఏమీ కనపడటం లేదు. ఫోను లైటు రెండు బారల దూరంలో ఆగిపోతోంది. ముందు ఆవిడ. చెప్పుల చప్పుడు లేదు. గాజుల చప్పుడు లేదు. ఎడమపక్క కాలవ నీళ్ళు గట్టుని నాకుతున్న చప్పుడు ఒక్కటే.

వెనక... ఇంకో అడుగు. చిన్నది. తడిది.

ప్రసన్న తల తిప్పలేదు.

చేతిలోకి ఏదో వచ్చింది. చల్లగా. మెత్తగా. అయిదు చిన్న వేళ్ళు...

ప్రసన్న ఆ చేతిని విదిలించలేదు. విదిలిస్తే అది ఎవరి దగ్గరికి వెళుతుందో ఆమెకి తెలుసు.

"మీ అత్తగారు బాగున్నారా అండీ?" ముందు నుంచి అడిగింది ఆవిడ.

"బా... బాగున్నారు."

"ఆవేళ మంచులో మా గుమ్మం కనపడలేదండీ. మీ ఇంట్లో దీపం మాత్రం కనపడుతూనే ఉంది."

ఆకుపచ్చ తలుపులు. తుప్పు పట్టిన తాళం. గుమ్మం మీద పొద్దున ఉష పెట్టిన బొట్టు. అది ఇంకా ఆరలేదు. ధారలా కిందికి కారుతోంది.

చేతిలో వేళ్ళు లేవు. ముందు ఎవరూ లేరు.

"ఇల్లు చేరారమ్మా..." మూసిన తలుపుతో అంది ప్రసన్న. "మీ ఇల్లు చేరారు. సరేనా..."

జవాబు లేదు. వెనక్కి తిరిగి పరుగందుకుంది.

ఇంట్లో ఉష చాపలు చుడుతోంది. మామూలుగానే ఉంది. ప్రసన్న కూతురి చెంపలు తడిమి చూసింది. వెచ్చగా ఉన్నాయి. తలుపు గడియ వేసి, అత్తగారి మంచం పక్కన కూలబడింది.

సూర్యకాంతం ఫోన్ చేసింది. "చేరానమ్మా. ఎదురిల్లేగా, దారిలో పులులేం రాలేదు." వెనకే మిగతావాళ్ళు ఒక్కొక్కరూ చేశారు. కాసేపటికి బ్లెస్సీ. తర్వాత ఫిజా. ఎనిమిదిన్నర దాటాక గేటు దగ్గర కారు ఆగింది. ఉష గడియ తీసింది. అచ్యుతరావు లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

"ఆ తల్లీబిడ్డా?" వెంకటనరసమ్మ అడిగింది.

"గుమ్మం దాకా దింపానత్తయ్యా."

"కేక వినపడిందా?"

 ప్రసన్న వేళ్ళు మడుస్తూ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. సూర్యకాంతం గారు చేరారు. వీధిలో అందరూ చేరారు. బ్లెస్సీ చేరింది. ఫిజా చేరింది. ఆయన చేరారు. ఉష...

"అమ్మా," సావిట్లోంచి ఉష పిలిచింది. "తువ్వాలు ఇలా తెచ్చిపెట్టవా. పాప జుట్టంతా తడిసిపోయింది."

ఆ వెనకే, మెత్తగా, ఇంకో గొంతు.

"చేరామండీ..."