సీసా మలుపు

ఊరి బయట బ్యాటరీల షెడ్డు నుంచి వచ్చే కాలువ ఏట్లో కలిసే చోటుని అందరూ సీసా మలుపు అంటారు. పొద్దుగూకాక అటు వెళ్ళేవాళ్ళు ఒక సారా సీసా ఒడ్డున పెట్టి, వెనక్కి చూడకుండా పోవాలి. లేకపోతే వెనకనుంచి అడుగుతాడట... “సీసా...”

అడిగేవాడు ఒకప్పుడు ఆ షెడ్డులో పాత బ్యాటరీలు కరిగించిన పనివాడు. చేతులు వేలాడేసుకుని, తూలుతూ, ముద్దముద్దగా మాట్లాడుతూ తిరిగేవాడట. ఓ రాత్రి ఆ మలుపులోనే పడిపోయాడు. చచ్చి దెయ్యమైనా తాగుడు మానలేదని జనం నవ్వుకునేవాళ్ళు. ఊరి నోటికి మూతెక్కడ?

మలుపుకి దిగువన, ఏటి ఒడ్డునే ఆయన భార్య ఇల్లు. తల్లి లేని మనవరాలిని సాకుతోంది. ఈ మధ్య పిల్ల తిండి మానేసింది, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది, వచ్చిన మాటలు కూడా మరిచిపోతోంది. తాతే పట్టాడని, ఇక వదలడని అన్నారు.

మా అక్క ఏటి నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగి. ఇదంతా అక్క చెప్పిందే, నేనేమీ కలపలేదు. అక్కడ చేపలు వెన్ను వంకరపోయి దొరుకుతున్నాయని తెలిసి బయల్దేరింది. దారిలో జీపు మొరాయించి, మలుపు చేరేసరికి చీకటి పడింది.

నీళ్ళు పట్టడానికి ఒక పద్ధతుంది. ప్రవాహానికి ఎదురుగా నిలబడాలి — మన కాళ్ళు రేపిన బురద మన సీసాలో పడకుండా. కాబట్టి వెనక ఏముందో కనపడదు. మోకాలి లోతులో నిలబడ్డాక గానీ అక్కకి తట్టలేదు... ఒక్క కప్ప అరవడం లేదు. కీచురాయి కూడా లేదు.

“సీసా...”

వెనకే.

అక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఉన్నవన్నీ సీసాలేనాయె! ఖాళీది ఒకటి వెనక్కి చాపి, “తీసుకో పెదనాన్నా...” అంది.

ఎవరూ తీసుకోలేదు. మాట మాత్రం చెవి పక్కకే వచ్చింది. ఈసారి చాలా కష్టపడి, ఆఖర్న పెదవులు మూసినట్టు —

“సీస... మ్.”

ఎలా ఒడ్డెక్కిందో అక్కకే తెలీదు. కానీ పట్టిన నీళ్ళు, బురద, ఒడ్డున ఏరిపెట్టుకున్న వంకర చేపలు వదల్లేదు. పరీక్షలో అన్నింటిలోనూ సీసమే తేలింది, బ్యాటరీల్లోంచి కరిగించి తీసే సీసం. అది ఒంట్లో చేరితే చేతులు వేలాడతాయి, నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. పసివాళ్ళకైతే మాటే పోతుంది.

అక్క ముందు ఆ ఇంటికే పరిగెత్తింది. ఏటి నీళ్ళు ముట్టొద్దని చెప్పి, పిల్లని ఆసుపత్రిలో చేర్పించింది. ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టర్లు. తర్వాత వరండాలో ముసలమ్మ పక్కన కూర్చుని చెప్పింది — ఆయన తాగి తూలలేదని, సీసా అడగలేదని, సీసం అని అందరికీ చెప్పబోయాడని.

ముసలమ్మ తన చేతులకేసి చూసుకుంది.

“తాగడని నాకు తెలుసమ్మా. చివర్లో ఇంట్లోనూ అదే మాట. దాహమేమో అనుకున్నా... సీసాలో ఏటి నీళ్ళు నింపి నోటికి పెట్టేదాన్ని. వద్దని తల తిప్పుకునేవాడు.” గొంతు తగ్గించింది. “గడ్డం పట్టుకుని... నేనే తాగించా.”