గిటారు పెట్టెలో అప్పగింతల పాట

కాలవకు నీళ్లు కట్టేసి ఇరవై రోజులైంది. గోరేబాళ దగ్గరి ఆ క్యాంపులో వైశాఖం ఎండ పొద్దున్నే నెత్తికెక్కుతోంది. సీతారావమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గేసి, బిందెడు నీళ్లు మోసుకొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని మిరియాల కషాయం తాగుతోంది. మూడు నెలలుగా రోజూ ఇదే వరస. మిరియాలు, శొంఠి, పటికబెల్లం. ప్రాణంలాంటి తమలపాకు మానేసింది. పెరుగు మానేసింది. పాట కూడా మానేసింది.

వసారాలో మంచం మీద కూర్చున్న కొడుకు శేషయ్య ఆమె గుటక వేసినప్పుడల్లా తల దించుకుంటున్నాడు. ఆ కషాయం ఎందుకు తాగుతోందో ఇంట్లో అందరికీ తెలుసు. తాగాల్సిన పనే లేదని మాత్రం వాడొక్కడికే తెలుసు. తెలిసీ తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా ఉన్నాడు.

అంతలో కుంకుమ భరిణె పట్టుకుని పక్కింటి హనుమాయమ్మ వచ్చింది.

"వదినా, ఎల్లుండే మా రాజ్యం పెళ్లి. రేపే వచ్చెయ్యాలి నువ్వు. తలంబ్రాల బియ్యం నీ చేత్తోనే కలపాలి" అంటూ సీతారావమ్మకు బొట్టు పెట్టింది.

"రాకపోతే ఎట్టా? నా మేనకోడలు కాదూ" అంది సీతారావమ్మ నవ్వుతూ.

హనుమాయమ్మ వెళ్లలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "అదీ... అప్పగింతలప్పుడు రికార్డు పెట్టిద్దామంటున్నారు వదినా మీ తమ్ముడు. సింధనూరు మైకు సెట్టు ఉలిగప్ప దగ్గర మంచి సన్నాయి రికార్డు ఉందంట. నీకు శ్రమెందుకని..."

సీతారావమ్మ నవ్వు చెదరలేదు గానీ, చేతిలోని గ్లాసు కింద పెట్టడానికి చాలా సేపు పట్టింది. "మంచిదేలే. నాకూ ఒంట్లో బాగుండటం లేదు" అంది.

ఈ మాటకు ఎంత బరువుందో తెలియాలంటే క్యాంపు సంగతి కొంచెం చెప్పాలి. తుంగభద్ర కాలవ వచ్చిందని విని, పద్దెనిమిదేళ్ల కింద రేపల్లె వైపు నుంచి ఈ రాయచూరు జిల్లాకు సామాను కట్టుకొచ్చిన కుటుంబాలవి. వడ్లు తెచ్చుకున్నారు, ఆవకాయ జాడీలు తెచ్చుకున్నారు. సీతారావమ్మ వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న అప్పగింతల పాట తెచ్చుకుంది. అప్పటినుంచి క్యాంపులో ఏ ఆడపిల్లను అత్తవారికి అప్పగించినా ఆమె పాడాల్సిందే. పురోహితుడు ఆలస్యమైతే ఓర్చుకున్నారు గానీ, సీతారావమ్మ పాడందే పిల్ల గడప దాటడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

అలాంటి పాట మాఘమాసంలో నవ్వులపాలైంది. అదీ కడుపున పుట్టినవాడి చేతిలో.

శేషయ్య రాయచూరు కాలేజీలో చదివింది తక్కువ, వాయించింది ఎక్కువ. నలుగురు స్నేహితులతో కలిసి పెట్టిన పాటల బృందం ఏడాది తిరక్కుండా విడిపోతే, గిటారూ, దాని శబ్దం పెంచే పెట్టే, ఒక మైకూ వాడి వాటాకొచ్చాయి. వాటిని బస్సు మీద వేసుకుని క్యాంపులో దిగిన రోజు తండ్రి బాపయ్య, "దీంతో దుక్కి దున్నుతావా, నాట్లేస్తావా?" అని ఎగతాళి చేశాడు. వెనకేసుకొచ్చింది తల్లే. "నా పాటే వాడి చేతికొచ్చిందండీ, ఏమనకండి" అంది.

మాఘంలో యలమందయ్య కూతురి పెళ్లికి మైకు సెట్టువాడు చెయ్యిచ్చాడు. శేషయ్య ఎగిరి గంతేసి, "మైకు సెట్టెందుకు మామయ్యా? నా పెట్టె ఉందిగా! ఆవలి క్యాంపుకి వినపడాలి అమ్మ పాట" అని మైకు తెచ్చి గిటారు పెట్టెకు తగిలించాడు. పెట్టె అన్నాక పెట్టే కదా, గిటారైతేనేం గొంతయితేనేం అనుకున్నాడు.

సీతారావమ్మ పాట అందుకుంది. ఆ గొంతులోని సన్నటి జీర, మాట విరుపు అన్నీ పెట్టెలోనే ఉండిపోయి, బానలో తల దూర్చి మాట్లాడినట్టు బొంగురు మోత బయటికొచ్చింది. శేషయ్య కంగారుగా మరలు తిప్పాడు. పెట్టె కీచుమని అరిచింది. పందిట్లో పిల్లలు చెవులు మూసుకున్నారు. మగపెళ్లివారిలో ఎవరో కిసుక్కుమన్నారు. చివరికి కన్నీళ్లు పెట్టాల్సిన పెళ్లికూతురే పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. సీతారావమ్మ పాట మధ్యలో ఆగిపోయింది.

"ఏరా, నీ పెట్టెగానీ పాడయిందా?" అని యలమందయ్య అడిగాడు.

పందిరంతా తనవైపే చూస్తోంది. గంట కింద కొట్టిన గొప్పలు గుర్తొచ్చాయి. "పెట్టెకేం మామయ్యా, బాగానే ఉంది. అమ్మ గొంతే కొంచెం..." అనేశాడు శేషయ్య.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ నిజంగా ఓడు మద్దెలే. నింద మాత్రం ఆడేవాళ్ల మీద పడింది.

వారం తర్వాత వాడు రాయచూరు వెళ్లి, స్టేషను దగ్గర రేడియోలు బాగుచేసే యంకప్పను అడిగాడు. యంకప్ప పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాడు. "ఏంది శేషయ్యా, పరేషాన్ చేస్తవు! గా డబ్బా గిటారు తీగల కోసం చేసింది. దాంట్ల కోయిల కూసినా బర్రె అర్సినట్లే వినొస్తది. మైకు దగ్గర పెడితే కీచు అనకేం జేస్తది? అమ్మ గొంతుకేం కాలే, నీ అకల్‌కే, నీ తెలివికే అయింది!" అన్నాడు. శేషయ్య ఇంటికొచ్చి ఆ మాట చెప్పాలనుకున్నాడు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే మూడు నెలలు గడిపేశాడు. ఒక్కపూట దాచిన తప్పు చెప్పడం తేలికే. మూడు నెలలు దాచాక, దాచినందుకు కూడా సిగ్గుపడాలి.

హనుమాయమ్మ అటు వెళ్లగానే సీతారావమ్మ వసారాలో రెండో మంచం మీద ఉన్న భర్త దగ్గరికొచ్చింది.

"ఏవండీ, రేపు నన్నోసారి రాయచూరు తీసుకెళ్లండి. గొంతు డాక్టరుకు చూపించుకుంటాను."

"పెళ్లి ఎల్లుండి పెట్టుకుని రేపా? కషాయం తాగుతున్నావుగా" అన్నాడు బాపయ్య.

"కషాయంతో తగ్గేది కాదేమోనండీ. మా అమ్మకీ ఇట్టాగే గొంతులోనే మొదలైంది. మొదట పాట పోయింది. ఏడాదిలో మనిషి పోయింది." ఆమె చెయ్యి గొంతు మీదే ఉంది. "ఇన్నాళ్లూ భయపడి చెప్పలేదు."

బాపయ్య మొహం పాలిపోయింది.  నలుగురిలో నామర్దా అయిందని అమ్మ బాధపడుతోందనే శేషయ్య అనుకున్నాడు ఇన్నాళ్లూ. చావు భయంతో రోజులు లెక్కపెట్టుకుంటోందని వాడి ఊహకే రాలేదు.

"అమ్మా! నీకేం జబ్బు లేదమ్మా" అన్నాడు. మిగతాదంతా తడబడుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. పెట్టె సంగతి, యంకప్ప మాట, తను అన్న అబద్ధం.

బాపయ్య మంచం మీంచి లేచాడు. "సిగ్గులేని వెధవా! మూడు నెలలు దానిచేత ఈ చేదు తాగిస్తావురా?" అంటూ చెయ్యెత్తాడు.

సీతారావమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కొడుకు వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. అది చూసే వాడికి ఎక్కువ భయం వేసింది.

"నువ్వు నలుగురిలో అన్నావు చూడు, అమ్మ గొంతే అని... అప్పుడే అనుకున్నాను, నా గొంతు నిజంగానే పోయిందని. లోకం అంటే నమ్మేదాన్ని కాదురా. నువ్వన్నావు కాబట్టి నమ్మాను."

"తప్పయిపోయిందమ్మా. కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్లెందుకు? ఇంట్లో నాకొక్కదానికి చెబితే సరిపోతుందా? ఏ నలుగురిలో అన్నావో ఆ నలుగురిలో చెప్పు." అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజూ మర్నాడూ వాడితో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. 

రాజ్యలక్ష్మి పెళ్లినాడు పది గంటల వేళకు అప్పగింతలు. ఉలిగప్ప రికార్డు తుడిచి గ్రామఫోను మీద పెట్టబోతుంటే శేషయ్య వెళ్లి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"కొంచెం ఆగు అన్నా. మైకు ఇవ్వు."

"యాకప్పా? ఎందుకు? ఏం జెప్తవు?"

శేషయ్య మైకు అందుకుని పందిరి వైపు తిరిగాడు.  ఎదురుగా యలమందయ్య ఉన్నాడు, అతని కూతురూ అల్లుడూ ఉన్నారు. ఆనాడు నవ్విన మొహాలన్నీ ఉన్నాయి. పారిపోవాలనిపించింది. ఆడవాళ్ల మధ్య నేల చూపులు చూస్తూ కూర్చున్న తల్లి కనిపించింది. నోరు తెరిచాడు.

"మాఘమాసంలో యలమందయ్య మామయ్య గారింట్లో చెడింది మా అమ్మ గొంతు కాదండీ. ఆ పెట్టె గిటారుకి చేసింది. పాటకి పనికిరాదు. అది తెలియక నేనే తగిలించాను. తెలిశాక కూడా చెప్పలేదు. నా పెట్టె పరువు కోసం మా అమ్మ పరువు తీశాను. నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. హనుమాయమ్మ గబగబా వచ్చి సీతారావమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "వదినా, ఆ మాట నేనూ నమ్మాను. నన్ను క్షమించి నా బిడ్డకు పాడవా?"

సీతారావమ్మ లేచింది. కొడుకు అందించబోయిన మైకును చేత్తోనే వద్దని, రాజ్యలక్ష్మి చెయ్యి తన చేతిలోకి తీసుకుని మొదలుపెట్టింది.

*పాలు పొంగిన పొద్దు పుట్టింది మా బిడ్డ,*
*పరులింటి దీపమై పోతోంది నేడు...*

మూడు నెలలు మూలబడిన గొంతు. అక్కడక్కడా గీసుకుంది, ఒకచోట శ్రుతి తప్పింది. అయినా రెండో చరణానికే రాజ్యలక్ష్మి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె అత్తగారు కూడా కొంగుతో కళ్లొత్తుకుంది. మూడో చరణం ఎత్తుకోబోతూ సీతారావమ్మ ఆగిపోయింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా ముంచుకొచ్చింది. పెదవులు కదులుతున్నాయి గానీ పాట రావడం లేదు.

 అప్పగింతల పాట ఆడవాళ్ల సొత్తు. మగవాడు అందుకున్నట్టు ఆ క్యాంపులోనే కాదు, రేపల్లెలోనూ ఎవరూ ఎరగరు. శేషయ్య మైకు కింద పెట్టి, తల్లి పక్కన వచ్చి నిలబడ్డాడు. ఉయ్యాలనాటి నుంచి విన్న పాటే.

*తెలియక ఒకమాట తూలెనేమో,*
*కడుపులో దాచుకో అత్తగారూ...*

వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. "మగాడు అప్పగింతలు పాడటమేంట్రా!" అన్నారు. శేషయ్య చెవులు ఎర్రబడ్డాయి. కానీ పాట ఆపలేదు. రెండోసారి అదే చరణం ఎత్తుకునేసరికి, కన్నీళ్లతో తడిసిన చెయ్యి ఒకటి వచ్చి వాడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. తల్లి గొంతు వాడి గొంతుతో కలిసింది.