లిల్లీ వల్ల కాదు

అబిగయీలు ఫ్రిజ్ పైఅరలోంచి ఐసు ప్యాకెట్లు తీసి నీలంరంగు డబ్బాలో సర్దుతోంది. వెనక పెనం మీద దోసె చుయ్యిమంది.

"చేపలు పెట్టుకునే దాంట్లో నీ ఆసుపత్రి ఐసేంది మే? ఎన్నిసార్లు చెప్పాలా నీకు?" అంది తల్లి మగ్దలీనమ్మ, అట్లకాడ తిప్పుతూ.

"ఉత్త ఐసేలేమ్మా. రక్తం గొట్టాలు సాయంత్రం నేరుగా ల్యాబుకే పోతాయి, ఇంటికి తేను."

బుచ్చిరెడ్డిపాలెంలో చర్చి వెనక వీధిలోని ఆ ఇంట్లో ఇప్పుడు ఉండేది వీళ్లిద్దరే. అబిగయీలు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో రీసెర్చ్ నర్సు. చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయినవాళ్ల కుటుంబాలను వెతుక్కుంటూ వెళ్లడం, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, సంతకం తీసుకుని, రక్తం సేకరించడం ఆమె పని. తరం నుంచి తరానికి వచ్చే లోపమేదైనా ఆ రక్తంలో ఉందేమో డాక్టర్లు చూస్తారు. పద్నాలుగేళ్లు వార్డులో చేసిన అబిగయీలు ఏడాది క్రితం కావాలనే ఈ పనికి మారింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

"వచ్చే ఆదివారం మీ తమ్ముడి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక. వాడు పోయి మూడేళ్లయిపాయ," అంది మగ్దలీనమ్మ పళ్లెం అందిస్తూ. "పాస్టరు గారికి చెప్పినా. నువ్వు సెలవు పెట్టుకో."

అబిగయీలు దోసె తుంచి అలాగే పట్టుకుంది. "లిల్లీకి కూడా చెబుదామా అమ్మా? పాపను తీసుకొస్తుంది."

అట్లకాడ పెనం మీద ఠంగున మోగింది. "ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా లేదా? నా బిడ్డను కడుపు మాడ్చి పంపించింది ఎవురు? దాని నోటి వల్లనే కదా వాడు పోయింది!"

అబిగయీలు తమ్ముడు ఫ్రెడ్డీ పోయినప్పుడు వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ శనివారం పొద్దున పాపను పుట్టింటికి తీసుకెళ్దామని వాడి భార్య లిల్లీ అంది, వాలీబాల్ ఆట ఉందని వాడన్నాడు. మాటా మాటా పెరిగింది. వాడు తినకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. పదకొండు గంటలకు గ్రౌండులో బంతి కోసం ఎగిరి, కింద పడి, మళ్లీ లేవలేదు. సమాధి దగ్గర అందరి ముందూ మగ్దలీనమ్మ కోడలి వైపు వేలు చూపించి, "నువ్వే చంపుకున్నావు నా కొడుకుని" అంది. నెల తిరక్కుండా లిల్లీ మూడేళ్ల పాపను చంకనేసుకుని కొడవలూరులో తన తండ్రి ఇంటికి వెళ్లిపోయింది.

దోసె సగంలో వదిలేసి అబిగయీలు డబ్బా పట్టుకుని బయటపడింది. ఆమె భుజానికి తగిలించుకున్న సంచిలో నాలుగు రోజులుగా ఒక రిపోర్టు ఉంది.

ఆ రోజు ఆసుపత్రి జీపు పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెకు వెళ్లింది. పిచ్చమ్మ అనే ముసలామె కొడుకు చిన్నపోలయ్య నిరుడు పడవలో వల లాగుతూ లాగుతూ ఒరిగిపోయాడు. పిచ్చమ్మ గడప మీద కూర్చుని, అబిగయీలు చెప్పినదంతా కదలకుండా వింది. రక్తం ఎందుకు తీస్తారో, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని, ఫలితం వచ్చాక డాక్టరే కూర్చోబెట్టి చెబుతారని అబిగయీలు నెమ్మదిగా వివరించింది.

"ఒక్క మాట అడుగుతా తల్లీ," అంది పిచ్చమ్మ. లోపల గోడకానుకుని నిలబడ్డ కోడలు ఉష వైపు ఒకసారి చూసింది. "వాడు పోయింది ఈ పిల్ల అడుగు పెట్టిన వేళ బాగలేక కాదా?"

"కాదమ్మా. గుండె జబ్బేదో పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు. ఎవరి తప్పూ కాదు."

పిచ్చమ్మ మళ్లీ కోడలి వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. సూది గుచ్చుతుంటే, "మరి ఏడాది నుంచి ఈ మాట ఎవురూ చెప్పలేదే నాకు. దాన్ని అన్నన్ని మాటలు అన్నానే," అని గొణిగింది.

అబిగయీలు గొట్టం మీద పేరు రాసి, భుజానికున్న సంచిని దగ్గరకు లాక్కుంది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి మగ్దలీనమ్మ వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది. అబిగయీలు చెప్పులు విడిచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, నాలుగు నెలల కింద మా ఆసుపత్రి పరీక్షకని మనిద్దరం రక్తం ఇచ్చినాం, గుర్తుందా? ఫలితం వచ్చింది. డాక్టరు గారే నీకు చెప్పాల. 'నా కూతురికి చెప్పండి, అది నాకు చెప్తుంది' అని నువ్వు రాయించినావు కాబట్టి నాకు చెప్పినారు. రేపు నిన్ను తీసుకుపోతా, ఆయన అంతా చెప్తాడు. ముందు నేను చెప్పాలనుకున్నా."

"ఏముందంట?"

"గుండె కండ మందమయ్యే జబ్బు. కొందరికి ముసలితనం దాకా ఏమీ కాదు. కొందరికి చిన్నప్పుడే ఉన్నట్టుండి ఆగిపోతుంది. అది నీ రక్తంలో ఉంది. నా రక్తంలో కూడా ఉంది."

మగ్దలీనమ్మ చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. "నీకు కూడానా?"

"నాకు ఇప్పుడేం భయం లేదు, మందులుండాయి." అబిగయీలు తల్లి చేతిలోని కాయ తీసి చేటలో వేసింది. "ఫ్రెడ్డీకి ఇదే అయ్యుంటుందని డాక్టరు గారన్నారు. క్రీస్తురాజు మామకు కూడా."

క్రీస్తురాజు మగ్దలీనమ్మ తమ్ముడు. ముప్పై రెండేళ్ల వయసులో, నారు మోస్తూ గట్టు మీద కూలిపోయాడు. పాము కరిచిందన్నారు గానీ ఒంటి మీద కాటు కనపడలేదు. ఆ సంగతి ఇన్నేళ్లుగా మగ్దలీనమ్మే చెబుతూ వస్తోంది.

"అంటే... నా కడుపులోంచి పోయిందా వాడికి? నేనే చంపినానా నా కొడుకుని?"

"ఎవరూ చంపలేదమ్మా. కనేటప్పుడు నీకు తెలవదు. నువ్వు కాదు. లిల్లీ కూడా కాదు."

లిల్లీ పేరు వినగానే ముసలామె ముఖంలో ఏదో కదిలింది. కూతుర్ని కళ్లు చికిలించి చూసింది. "గుండె మందం... ఆ మాట నేనెప్పుడో విన్నా. పోస్టుమార్టం కాగితంలో ఏముందని మీ నాయన బతికుండంగా అడిగితే, ఏదో మందమని చెప్పి ఊరుకున్నావు. ఆ కాగితం నీ చేతికే కదా ఇచ్చినారు? సమాధి కాడ నీ దగ్గరే ఉన్నిందా?"

అబిగయీలు తల వంచుకుంది.

"చదివినావా?"

"చదివినా."

"అర్థమైందా నీకు?"

"...అయింది."

చిక్కుడుకాయల చేట పక్కకు ఒరిగి గింజలు వరండా నిండా దొర్లాయి. "మరి నా నోరెందుకు ముయ్యలేదే? నేను చదువురాని దాన్ని. ఏడుపులో ఏం అరస్తన్నానో నాకే తెలవదు. నువ్వు నర్సువి! ఊరూరా తిరిగి అందరికీ చెప్తావే. ఆ పిల్ల పసిదాన్ని ఎత్తుకుని గేటు దాటతావుంటే కిటికీలోంచి చూసినావే!"

"నువ్వు కూలిపోతావనుకున్నా. అప్పుడు వద్దనుకున్నా, తర్వాత చెబుదామనుకున్నా. తర్వాత..." మూడేళ్లలో ఆ 'తర్వాత' రాలేదు. తల్లి కోపం లిల్లీ మీద ఉన్నంతకాలం ఈ ఇల్లు నిలబడుతుందని అబిగయీలు తనకు తాను చెప్పుకుంది. అలా నిలబెట్టింది లిల్లీ భుజం మీదనే అని తెలిసి కూడా.

మగ్దలీనమ్మ ఒంగి గింజలు ఏరడం మొదలుపెట్టింది. నాలుగు ఏరి ఆగిపోయింది. "పాపకు?" అంది చిన్న గొంతుతో.

"ఉండొచ్చు, లేకపోవచ్చు. పరీక్ష చేయించాల."

"అయితే కూడిక దాకా ఎందుకు? రేపు ఆ డాక్టరు దగ్గర్నించి అటే పోదాం."

మర్నాడు డాక్టరును కలిసి అటు వెళ్లేసరికి, కొడవలూరులో లిల్లీ కుట్టుమెషీను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. గుమ్మంలో అత్తను చూసి లేవలేదు. ఆరేళ్ల పాప ఎవాంజెలిన్ మాత్రం కొత్తవాళ్లను చూసినట్టు తల్లి వెనక్కి వెళ్లి నిలబడింది. ఆ దాగడం చూసి మగ్దలీనమ్మ గుమ్మం దగ్గరే కూలబడింది.

అబిగయీలు అంతా చెప్పింది. కాగితం తను చదివిన సంగతి, నోరు విప్పని సంగతి కూడా దాచలేదు. లిల్లీ గుడ్డ మీద చెయ్యి ఆనించి వింటూ ఉంది.

"తప్పు నాది బిడ్డా," అంది మగ్దలీనమ్మ. "నలుగురిలో అన్నా నిన్ను. నలుగురిలోనే చెప్తా కాదని."

"నలుగురి సంగతి నాకెందుకు అత్తమ్మా!" లిల్లీ గొంతు ఒక్కసారిగా పగిలింది. "మీరన్న మాట నేను నమ్మినా. రోజూ నమ్మినా. ఒక్క ముద్ద తినిపోమని బండికి అడ్డం పడి ఉంటే బతికేవాడని. మూడేళ్లు వదినా... పాప వాళ్ల నాయన్ని అడిగినప్పుడల్లా, నేనే కదా దీనికి లేకుండా చేసిందని..."

అబిగయీలు దగ్గరకు వెళ్లబోతే లిల్లీ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఇప్పుడు రాబాకు వదినా. నీకు తెలిసి కూడా..." అని, కళ్లు తుడుచుకుని అడిగింది. "పాపను ఎప్పుడు తీసుకురావాల?"

పరీక్ష ఫలితం రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రోజు అబిగయీలు యూనిఫాం వేసుకోలేదు. డాక్టరు బల్లకు ఇవతల, కుటుంబాలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఒక పక్క తల్లి, ఒక పక్క లిల్లీ. పాప రక్తంలో కూడా ఆ లోపం ఉంది. గుండె ఇప్పటికి మామూలుగానే ఉంది. ఏడాదికోసారి చూపించాలి, పరుగుపందేలు వద్దు, పెద్దయ్యే కొద్దీ కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు డాక్టరు.

బయట వరండాలో పాప బెంచీ మీద కాళ్లూపుకుంటూ బిస్కెట్టు తింటోంది. లిల్లీ స్తంభానికి ఆనుకుని, దాని వైపే చూస్తూ ఉండిపోయింది. మెల్లిగా అంది: "ఆయన ఆ రోజు తినకుండా పోయినందుకు కాదు కదా?"

రెండు నెలల్లో ఆ ప్రశ్న ఆమె ఎన్నిసార్లు అడిగిందో. ప్రతిసారీ అబిగయీలే జవాబు చెప్పింది. ఈసారి ఆమె నోరు తెరిచేలోపే మగ్దలీనమ్మ లేచి వెళ్లి కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. లిల్లీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"కాదు బిడ్డా," అంది ముసలామె, తన ఏడుపును మింగుకుంటూ. "దాని వల్ల కాదు. నీ వల్ల కాదు."