చివరి రౌండు వినిపించవే

డౌటు చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంది. పక్కనున్న అత్తకి కూడా రెండు ఉండలు ఇచ్చింది. రేసు కార్లంటే చెవులు చిల్లులు పడే మోత ఉంటుందని క్లాసులో అందరికీ చెప్పి వచ్చింది మరి.

డౌటు అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. రోజుకి ముప్ఫై డౌట్లు అడిగే పిల్లకి ఇంకే పేరు నిలుస్తుంది?

మొదటి కారు మలుపు తిరిగి వచ్చింది. వచ్చిందనుకునేలోపే వెళ్లిపోయింది. సన్నగా ఒక కూత, టైర్ల బరబర, అంతే.

డౌటు దూది తీసి చూసుకుంది. "అత్తా, దీని ఇంజను పాడైందా?"

"దీనికి ఇంజనే లేదే. మోటారు ఉంటుంది. నా బస్సులాగే బ్యాటరీ మీద నడుస్తుంది," అంది అత్త. అత్త సిటీలో ఎలక్ట్రిక్ బస్సు నడుపుతుంది.

డౌటు అత్తవి కూడా తీసుకుని, దూది ఉండలు నాలుగూ చప్పుడు చేయకుండా జేబులో వేసుకుంది. క్లాసులో ఏం చెప్పాలో రేపు ఆలోచించుకోవచ్చు.

నిజానికి అత్త కూర్చున్న సీటు తాతయ్యది. తాతయ్య నలభై ఏళ్లు స్కూటర్లు బాగుచేశాడు. బండి స్టార్ట్ చేస్తే చాలు, చెవి అటు పెట్టి రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. ఈ రేసు చూద్దామని ముందు అన్నది ఆయనే. కానీ పోయిన వారం బాత్రూంలో జారిపడ్డాడు. ఇప్పుడు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు డౌటు చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "చివరి రౌండు నాకు వినిపించవే."

"చూపిస్తా తాతయ్యా. వీడియో కాల్ చేస్తాగా."

"చూడ్డానికి టీవీ ఉంది. అందులో వాళ్ల కబుర్లే తప్ప బండి వినపడి చావదు. ఇంజను లేని బండి ఎలా మాట్లాడుతుందో నాకు వినాలనుంది."

డౌటు మాటిచ్చి, అమ్మ ఫోను తీసుకుంది. అత్త ఫోను మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. బస్సుకి ఒక్కరోజు కూడా ఛార్జింగ్ మర్చిపోని అత్త, తన ఫోనుని ఛార్జింగ్ పెట్టి అక్కడే మర్చిపోయి వచ్చింది.

రేసు మొదలైన దగ్గర్నుంచీ డౌటు వీడియో తీస్తూనే ఉంది. కార్లని తీసింది. టైర్లు దొర్లించుకెళ్లే వాళ్లని తీసింది. పాప్‌కార్న్ డబ్బాని నాలుగు వైపుల నుంచీ తీసింది. ఎండకి ఫోను వేడెక్కిపోయింది.

ఎదురుగా పెద్ద తెర ఉంది. దాని మీద ఒక్కో కారు పక్కన ఒక్కో అంకె కనిపిస్తోంది.

"ఆ అంకెలేంటి అత్తా?"

"ఎవరికి ఎంత ఛార్జింగ్ మిగిలిందో."

పసుపు కారు అందరికంటే ముందుంది. డౌటు దాని పార్టీ. కానీ దాని పక్కన పదహారు ఉంది. ఆరో స్థానంలో ఉన్న నీలం కారు పక్కన ఇరవై నాలుగు ఉంది.

"నీలం కారు నడిపే అక్కకి భయమా? మలుపు ఇంకా రాకుండానే స్లో అయిపోతోంది."

"భయం కాదు, కాలెత్తుతోంది. మా డిపోలో మొదటిరోజు నేర్పేది అదే. స్టాపు దూరంగా కనపడగానే యాక్సిలరేటర్ మీంచి కాలెత్తేస్తాం. బస్సు తన ఊపులో తను పోతుంది. పోతూ పోతూ కాస్త కరెంటు బ్యాటరీకి తిరిగిస్తుంది."

"అందుకేనా నీది నత్త బస్సు అంటారు?"

"అననీ. సాయంత్రం దాకా రోడ్డు మీద ఉండేది నా నత్తే."

ఇంకా రెండు రౌండ్లు ఉన్నాయనగా పసుపు కారు పరుగు తగ్గింది. ఒక కారు దాన్ని దాటింది. తర్వాత ఇంకోటి. తెర మీద దాని అంకె ఒకటికి దిగింది. డౌటుకి ఏడుపొచ్చినంత పనైంది.

"మొదట్లోనే అంతా వాడేసుకున్నాడు పాపం," అంది అత్త.

సరిగ్గా అప్పుడే డౌటు చేతిలో ఫోను కుయ్‌మంది. మూడు పర్సెంటు.

టైర్లు, పాప్‌కార్న్, ముందు వరసలో ఎవరిదో టోపీ. ఛార్జింగంతా వాటికే పోసేసింది. తాతయ్య చివరి రౌండు ఇంకా రానే లేదు.

"అత్తా, ఇప్పుడెలా?"

అత్త తెర వైపు చూసింది. నీలం కారు ఇప్పుడు మూడో స్థానంలో ఉంది.

డౌటు వీడియో ఆపేసింది. ఫోను వెలుతురు బాగా తగ్గించింది. చల్లబడాలని అత్త చున్నీ నీడలో పెట్టింది. చేతులు ఖాళీగా ఉండేసరికి తోచలేదు. ఊరికే ట్రాక్‌ని చూస్తూ కూర్చుంది. అప్పుడు తెలిసింది, కార్లన్నీ ఒకేలా కూయవని. పసుపుది నీరసంగా ఉంది. నీలం కారు కూత దిగి, మళ్లీ లేస్తోంది.

చివరి రౌండని మైకులో చెప్పారు. డౌటు వీడియో బటన్ మీదకి వెళ్లిన వేలుని వెనక్కి తీసుకుంది. తాతయ్య చూపించమనలేదు. వినిపించమన్నాడు. మామూలు కాల్ చేసి, కంచె దగ్గరికి పరిగెత్తి చెయ్యి చాచింది.

"తాతయ్యా, మాట్లాడకు. విను."

కార్లు వచ్చాయి, వెళ్లాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకునేసరికి అది నల్లబడిపోయి ఉంది. తాతయ్యకి వినపడిందో లేదో తెలియలేదు. నీలం కారు రెండోదిగా వచ్చిందని అత్త చెబుతున్నా, డౌటు మనసంతా ఆ ఫోను మీదే ఉంది.

ఇంటికి రాగానే తాతయ్య మంచం దగ్గరికి వెళ్లి తల దించుకుంది. "చివరి రౌండు మొత్తం వినిపించాల్సింది తాతయ్యా. ఛార్జింగంతా పాప్‌కార్న్‌కి పెట్టేశా."

"రెండో బండి మలుపు దగ్గర కాలెత్తింది కదూ?" అన్నాడు తాతయ్య.

డౌటు నోరు తెరిచింది. "నీకెలా తెలుసు?"

"కూత దిగి మళ్లీ లేచింది. ఆ తర్వాతే నీ ఫోను పోయింది."

వంటింట్లోంచి అమ్మ పిలిచింది. "ఫోను ఇలా తే, ఛార్జింగ్ పెడతాను. వీడియోలు చూద్దాం."

డౌటు ఫోను ఇచ్చేసి మంచం మీద కూర్చుంది. జేబులోంచి దూది తీసి పక్కన పెట్టింది.

"కళ్లు మూసుకో తాతయ్యా. మిగతా రౌండ్లు నేను వినిపిస్తా."

తాతయ్య చెవి దగ్గర నోరు పెట్టి, ముందు నీలం కారులా కూసింది.