చప్పుడు చేసే పెట్టె

“చప్పుడు చేసే పెట్టె ఇంట్లో పెడితే నాన్నకి నిద్ర పడుతుందా అన్నయ్యా? ఆపరేషన్ అయి వచ్చే మనిషి!”

“చిన్న డిస్కులు పెడితే సగం వీడియోలు పట్టవే! మిగతావి ఏం చేస్తావు, నెత్తిన పెట్టుకుంటావా?”

పొద్దున్నుంచీ ఇదే గోల! అన్నాచెల్లెళ్ళు పెద్దాడూ చిట్టీ భోజనాల బల్ల మీద ఎదురెదురుగా లాప్‌టాప్‌లు పెట్టుకుని ఉప్పూ నిప్పూలా తగవులాడుకుంటున్నారు. పక్క గదిలో కుట్టుమిషన్ ముందు కూర్చున్న వాళ్ళమ్మకు సూదిలో దారం ఎక్కడం లేదు. వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. కళ్ళు మూసుకుని కాజాలు కుట్టగల మనిషి! అలాంటిది ఇవాళ దారం ఎంత తడిపినా సూది బెజ్జం కనిపించడం లేదు... కళ్ళనిండా నీళ్ళుంటే ఏం కనిపిస్తుంది!

వచ్చే వారం ఆమె భర్త మాస్టారికి ఆపరేషన్. గొంతులో గడ్డ. ప్రాణానికేం భయం లేదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కానీ స్వరపేటిక మొత్తం తీసెయ్యాలట. ఇక ఆ గొంతు ఉండదట... ఆసుపత్రి నుంచి దారిపొడుగునా ఆమె ఏడుస్తూనే వచ్చింది. మాస్టారు మాత్రం ఇంటికొచ్చీ రాగానే అటకెక్కారు. పాత కెమెరాలు, అద్దం పగిలిన ఫోన్లు, సీడీలు, గోరంత మెమరీ కార్డులు అన్నీ ఒక అట్టపెట్టెలో పోగేశారు. “ఇవన్నీ ఒక్కచోట చేరాలి. ఇంట్లోనే ఉండాలి. ఎవరి ఫోన్లోంచైనా చూసుకునేలా ఉండాలి. డిస్కులు బిగించే కంప్యూటర్ పెట్టె ఒకటి కొందాం,” అన్నారు. అంతే! ఆ రోజు నుంచీ ఇంట్లో మరో మాట లేదు. లేస్తే డిస్కులు, కూర్చుంటే డిస్కులు!

ఆయన లెక్కల మాస్టారు. బళ్ళో ఆయన పాఠం మొదలుపెడితే వీధి చివరిదాకా వినిపించేది. ఇంటికొచ్చేసరికి మాత్రం మాట కరువు. రోజంతా అరిచి అలిసిపోయారు పాపం అని ఆమె సరిపెట్టుకునేది. రిటైరయ్యాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చులే అనుకుంది. రిటైరయ్యారు... గొంతులో గడ్డ వచ్చి కూర్చుంది! ఇక మిగిలిన ఈ నాలుగు రోజుల మాటా ఆ దిక్కుమాలిన పెట్టెకేనా? కట్టుకున్న దానికి చెప్పాల్సింది ఒక్క ముక్కా లేదా? సవతి పోరంటే ఏమిటో ఇంకా కొననైనా కొనని ఒక ఇనప పెట్టె ఆమెకు ఈ వయసులో చూపించింది!

టీ ఇవ్వడానికి వెళితే ఆయన ఆగమని సైగ చేశారు. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

“నువ్వూ విను. డిస్కులు రెండుండాలి. ఒకటి చెడినా రెండోదాంట్లో అంతా భద్రంగా ఉంటుంది. కానీ రెండూ ఒకే కొట్లో ఒకేరోజు కొనకూడదు. ఒక్కసారి తయారైనవి ఒక్కసారే మొరాయిస్తాయి. ఇంకోటి... పొరపాట్న చేత్తో చెరిపేశావనుకో, రెండింట్లోంచీ పోతుంది. అందుకే మూడో కాపీ చిట్టి వాళ్ళ అత్తారింట్లో ఉండాలి. అర్థమైందా?”

“నాకెందుకండీ ఇవన్నీ?”

“నీకే కావాలి. రేపు ఏదైనా ఆగిపోతే నేను చెప్పలేను కదా!” అన్నారు మాస్టారు, ఏదో బజారుకెళ్ళొస్తానన్నంత మామూలుగా.

ఆమె కప్పు బల్ల మీద పెట్టి, వెనక్కొచ్చి మిషన్ ముందు కూలబడింది.

భోజనాలయ్యాక మళ్ళీ పంచాయితీ మొదలైంది. ఈసారి మాస్టారే తీర్పు చెప్పారు. “చిన్నవే కొందాం. లోపల చక్రం తిరగనివి. ఎస్ఎస్‌డీలంటారే, అవి. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండకూడదు. ఫ్యాను లేని పెట్టె చూడండి.”

చిట్టి ముఖం చింకిచాటంత అయింది. పెద్దాడు తల పట్టుకున్నాడు. “నాన్నా, మన డబ్బుకి వచ్చే ఎస్ఎస్‌డీల్లో అంత చోటు ఉండదు! పెద్ద సైజు కావాలంటే తిరిగే డిస్కులే గతి. వాటికి ఫ్యాను కావాలి. కాస్త రొద తప్పదు మరి.”

“చోటు నేను చేస్తాగా!” అంది చిట్టి ఉత్సాహంగా. “ప్రతి వీడియోకీ మొదలూ చివరా కత్తిరించేస్తే సరి. అన్నీ కలిస్తే బోలెడు మిగులుతుంది. కావాలంటే చూడు, ఇందులో ఏముందని? నేల, నాన్న చెప్పులు, కుర్చీ కాలు...”

లాప్‌టాప్‌లోంచి గరగరమని గాలి చప్పుడు వచ్చింది. దాని వెనకే, బొంగురు లేని నిండు గొంతు ఒకటి పక్క గదిలోకి నడిచొచ్చింది.

“ఆగండాగండి, ఇంకా మొదలవలేదు... ఇదెక్కడ నొక్కాలో ఏమిటో! ఆఁ, చిట్టిని ఎత్తుకో. ఎండ కళ్ళలో పడుతోందా? కాస్త ఇటు జరుగు. ఆఁ... బావుంది. చాలా బావుంది.”

ఆమె చేతిలోని బట్ట జారి కిందపడింది. ఎంత పిచ్చిది తను! ఇన్నేళ్ళ వీడియోల్లో ఆయన ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే! ఆయన ఉన్నదల్లా ఆ మొదట్లోనే, ఆ చివర్లోనే... బొమ్మ కుదరకముందు, ఆపడం మరిచిపోయాక. ఆ రోజు ఎండ ఆమెకు బాగా గుర్తుంది. ఎండ కళ్ళలో పడుతోందా అని ఆయన అడగడం మాత్రం గుర్తులేదు! అడిగారు. బావుందన్నారు. తను పిల్ల ముక్కు తుడిచే హడావిడిలో ఉండి వినలేదు!

“వద్దు!” ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఈ ఇంట్లో కత్తిరింపులు నా పని. ఒక్క అంగుళం కత్తిరించారంటే ఊరుకోను!”

“అది కాదమ్మా, అందులో నేల తప్ప...”

“నేల కనపడితే కనపడనీవే! చెప్పులు కనపడితే కనపడనీ! మీ నాన్న ఇంకెక్కడున్నారే వాటిల్లో? అవి కాస్తా తీసేస్తే నాకేం మిగులుతుంది...?” ఆమె పెద్దాడి వైపు తిరిగింది. “పెద్దవే కొనరా! గిర్రున తిరిగేవే కొను. లారీలా మోగినా సరే!”

చిట్టికి అప్పుడు తెలిసింది తను ఏం చెయ్యబోయిందో. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని, “నాన్న గొంతే తీసెయ్యబోయానమ్మా!” అని బావురుమంది.

“వద్దు,” అన్నారు మాస్టారు. అందరూ ఉలిక్కిపడ్డారు. “చప్పుడు వద్దన్నది నాకోసం అనుకున్నారా? ఆపరేషనయ్యాక నాకు మంచం విడిగా వెయ్యాలన్నారు. రాత్రిపూట ఊపిరాడకపోతే మీ అమ్మని నేను పిలవలేను. మంచం పట్టె మీద కొట్టాలి... ఆ రొదలో తనకి వినపడకపోతే?”

ఇన్నాళ్ళూ ఆ మనిషి డిస్కుల పేరు చెప్పి కడుపులో దాచుకున్న భయం ఇదన్నమాట! ఆమె ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ పెట్టెని సవతి అని తిట్టుకున్నందుకు ఆమెకు తనమీద తనకే నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“నేను బతికిందంతా మిషన్ చప్పుడులోనే కదండీ! మిషన్ ఎంత గడగడలాడుతున్నా మీరు వీధి తలుపు తీస్తే నాకు తెలియలేదా ఎప్పుడైనా? మీరు వేలు కదిపితే చాలు, లేచి కూర్చుంటాను. ఆ పెట్టె నా కుట్టుగదిలో ఉంటుంది. తలుపు వేసేస్తాను.”

“వైరు గోడవారగా లాగెయ్యొచ్చు నాన్నా,” అన్నాడు పెద్దాడు.

మాస్టారు ఆలోచించారు. “ఆ గదినిండా బట్టల నూగు. ఫ్యానులో ఇరుక్కుంటుంది.”

“రోజూ దులుపుతాను.”

“మరిచిపోతావు.”

“మరిచిపోతే పట్టె మీద కొట్టండి!”

ఆయన నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. మంచినీళ్ళు తాగి, పెద్దాడితో, “సరే, పెద్దవే కొను. ఒకటి ఈ కొట్లో, ఒకటి ఇంకో కొట్లో,” అన్నారు. పెద్దాడు తలూపి లాప్‌టాప్ మూసేశాడు.

తర్వాత మాస్టారు ఆమె చెయ్యి వదలకుండానే మెల్లిగా మొదలుపెట్టారు.

“డాక్టరు చెప్పిన రోజు నాకు చాలా భయం వేసింది. నీతో నోరు తెరిస్తే ఏడ్చేస్తానేమోనని ఆ అట్టపెట్టె ముందేసుకున్నాను. నీతో మాట్లాడే తీరిక లేక కాదు ఇన్నేళ్ళూ... నాకు చేతకాదు. నల్లబల్ల ముందైతే వస్తుంది. నీ ముందు కూర్చుంటే ఎక్కడ మొదలెట్టాలో తెలిసేది కాదు...”

పెద్దాడు కళ్ళు తుడుచుకుంటూ చప్పుడు కాకుండా ఫోను తీశాడు. తెర మీద ఎర్రచుక్క వెలిగింది. ఆమె చూసింది. నేలనీ చెప్పుల్నీ కూడా వదులుకోనని ఇంతసేపూ పోట్లాడిన మనిషి, చెయ్యి చాచి ఆ ఫోను మీద అరచెయ్యి కప్పేసింది.

“వద్దురా. ఇది పెట్టెలోకి కాదు.”

పెద్దాడు ఫోను జేబులో పెట్టుకుని, చెల్లెలి భుజం తట్టి లేపి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. మాస్టారు ఎక్కడ ఆపారో మరిచిపోయి ఆమె వంక చూశారు. ఆమె కుర్చీ మరికాస్త దగ్గరికి జరుపుకుంది.

“ఊఁ... చెప్పండి,” అంది.